దారబందము, కమాను: మన వాకిళ్ళ చరిత్ర

రామకుప్పం, కుప్పం, పుంగనూరు ప్రాంతాలలో పాత ఇండ్లకుగాని, పాత మసీదులకుగాని వాకిలి చుట్టూ ఉన్న పనితనము మనకు రోజూ కంటబడుతూనే ఉంటుంది. దారబందము మీది చెక్కడపు దూలము, కిటికీ చుట్టూ సున్నంతో తీసిన అంచు, స్తంభము తలమీది వరుసలు, ఇవన్నీ ఉత్త సింగారమని అనుకుంటాము. అయితే వీటి పుట్టుక అవసరములోనే కలదు.

వాకిలి పెట్టాలంటే గోడను తెరవాలి. తెరిచిన చోట పై గోడ బరువు ఎవరు మోయాలి? మన దేశపు పాత పద్ధతి దూలము. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే విరుగుతుంది. అందుకే గుడి మండపాలలో స్తంభాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. స్తంభం తలమీద దిమ్మెను ముందుకు పొడిపించి, దూలము దాటవలసిన దూరాన్ని తగ్గిస్తారు. కమానులో రాళ్ళు ఒకదానినొకటి నొక్కుకొని నిలుస్తాయి గనుక వాకిలి వెడల్పుగా పెట్టుకోవచ్చును. ఇక చెక్క ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. గోడకూ చెక్కకూ నడుమ పడే సందును మూయడానికి వచ్చినదే అంచుపట్టీ. పూలూ తీగలూ దానిమీద తర్వాత ఎక్కాయి.

మాటలు చూడండి. కమాను అంటే పారశీకంలో విల్లు. దర్వాజా ఆ భాషదే. నాలుగు కొయ్యలు గనుక చౌఖట్. మన మేస్త్రీ ఏ మతస్థుడైనా ఈ మాటలు వాడుతాడు, గడప అని తెలుగులోనూ అంటాడు. పొరుగు హిందూ ఇంటి పైదూలం నడుమ గజలక్ష్మి, మన దూలంమీద పూలతీగ. వడ్రంగి పని మాత్రం ఒక్కటే.

ఈ కలయిక చూడాలంటే చంద్రగిరి పోవాలి. విజయనగర రాజుల చివరి కాలపు రాజమహలు మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కొయ్య వాడలేదు. కమాన్లు సుల్తానుల పద్ధతి, పైన గోపురాలు గుడి పద్ధతి! మదనపల్లెకు ఉత్తరాన గుర్రంకొండ ఉంది. కోటతోపాటు కొండ కింద రంగిన్ మహల్, టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీ ఖాన్ మఖ్బరా ఉన్నాయి. 1791లో మూడవ మైసూరు యుద్ధంలో ఇంగ్లీషువారూ నిజాం సేనలూ ఈ కోటను ముట్టడించారు. 1800లో ఈ సీమ కుంపినీ చేతికి పోయింది. మన పిల్లలు తిరుపతి దారిలో చంద్రగిరి చూస్తారు గాని గుర్రంకొండ చూడరు, ఇది మాకు వెలితిగానే తోస్తుంది.

గచ్చుపని పరాకాష్ఠకు వచ్చినది గోల్కొండ సుల్తానుల కాలంలో. హైదరాబాదు కార్వాన్‌లోని టోలీ మసీదు 1671 నాటిది. ముందరి ఐదు కమాన్ల చుట్టూ ఉన్న సున్నపు పనిని ఎంతసేపు చూసినా తనివి తీరదు. ఎద్దుల గానుగలో సున్నం ఆడించి, బెల్లపు నీళ్ళు, కరక్కాయ నానిన నీళ్ళు కలిపేవారు. కావలసిన ఆకారానికి కోసిన రేకును తడి పూతమీద లాగితే అంచు వరుస తేలుతుంది. పువ్వులను మాత్రం చేత్తోనే చెక్కాలి.

ఇప్పుడు మనలను బాధించే సంగతి. మసీదుకో, తాతల ఇంటికో మరమ్మతు అనగానే ముందుగా ఈ అంచులనే ఉలితో కొట్టేస్తున్నారు. సిమెంటు పూసి, పైన టైల్సు అతికిస్తారు. సున్నపు గోడ తేమను పీల్చి, తిరిగి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపలి తేమ ఉప్పుతో కలిసి పూతను ఉబ్బించి రాలుస్తుంది. డబ్బు ఖర్చుపెట్టి గోడను చెడగొట్టుకోవడమే గదా! 2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడినప్పుడు, మరమ్మతు సున్నపు పనితోనే జరిగింది.

కాబట్టి కమిటీ పెద్దలకు మా మనవి. ఏండ్ల తరబడి వేసిన వెల్లకింద పాత పని దాగి ఉండవచ్చును. ఉలి వద్దు, చెక్కముక్కతో మెల్లగా గీకించండి. పాత దారబందాలను కట్టెల ధరకు అమ్మేముందు కొలతలు రాయించి, ఫోటో తీయించి ఒక ప్రతి సంఘానికి ఇవ్వండి.