రన్‌వే కింద చరిత్ర

అండమాన్ వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోల్లో ఈమధ్య పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం కూడా చేరింది. ఆల్చిప్ప ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్‌ని 2023 జూలైలో ప్రారంభించారు. 2024 నవంబర్‌లో కౌలాలంపూర్ నుంచి ఎయిర్‌ఏషియా విమానం వచ్చాక, పేరులోని 'అంతర్జాతీయ' అన్న మాటకి ఒక రెగ్యులర్ సర్వీసు దొరికింది.

అయితే ఇక్కడ మొదట నేల చదును చేసింది యుద్ధం కోసం. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్‌బ్లెయిర్‌ని ఆక్రమించింది. వాళ్ళ విమానాలు దిగడానికి చోటు కావాలి. లంబాలైన్ దగ్గర ఆ పనిని స్థానికుల చేత బలవంతంగా చేయించారు.

1943 డిసెంబర్ 29న సుభాష్ చంద్రబోస్ విమానంలో ఈ దీవికి వచ్చాడు, మర్నాడు జెండా ఎగరేశాడు. మనకి బాగా తెలిసిన కథ ఇంతవరకే. ఆ తర్వాత రెండు వారాలకి, జనవరి 14న, ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ జపాన్ వాళ్ళ చిత్రహింసల వల్ల చనిపోయాడు. జనవరి 30న గూఢచారులన్న నెపంతో 44 మందిని హంఫ్రీగంజ్‌లో కాల్చి చంపారు.

2002లో విమానాశ్రయానికి సావర్కర్ పేరు పెట్టారు. ఆ పేరు మీద వాదనలు చాలానే జరిగాయి. నాకు మాత్రం పేరు కంటే రన్‌వే గురించే ఆలోచన. సెల్యులార్ జైలుకి గోడలున్నాయి, ఖైదీల పేర్లు చెక్కిన ఫలకాలున్నాయి, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో ఉంది. రన్‌వేకి ఇవేవీ కుదరవు. పొడిగించిన ప్రతిసారీ, కొత్త పొర వేసిన ప్రతిసారీ పాత చాకిరీ ఇంకాస్త లోపలికి పోతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకీ, కూలి పనికీ ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. విశాఖ నుంచి ఓడలో సుమారు మూడు రోజులు. చిక్కడపల్లి, అడిక్‌మెట్ నుంచి ప్యాకేజీ టూర్లకి వెళ్ళే మనం ఆ దూరాన్ని కొన్ని గంటల్లో దాటేస్తాం.

టూర్ ప్యాకేజీల్లో అండమాన్ అంటే ఖైదీలు, బీచ్‌లు. ఈ రెంటి మధ్య రోడ్లు వేసినవాళ్ళూ, వలలు లాగినవాళ్ళూ, తుపాకీ నీడలో మట్టి మోసినవాళ్ళూ ఉన్నారు. టెర్మినల్ గోడ మీద వాళ్ళ గురించి కనీసం ఒక పేరా రాయొచ్చు. లగేజీ కోసం ఎదురుచూసేవాళ్ళు చదువుతారు.