రేడియేటరు మీది అచ్చు

వేసవిలో మన రామగుండము, గోదావరిఖని ప్రాంతములో ఎండ 45 డిగ్రీలు దాటుట కొత్త కాదు. అట్టి మధ్యాహ్నము ఓపెన్‌కాస్టు గనిలో నిండు బరువుతో వాలు ఎక్కుతున్న డంపరును చూచినవారికి ఇంజను దాహమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంజనులో మండిన ఇంధనము ఇచ్చే వేడిలో దాదాపు మూడవవంతు మాత్రమే చక్రాలను తిప్పుతుంది. ఇంచుమించు మరొక మూడవవంతు పొగగొట్టము వెంట పోతుంది. మిగిలినది సిలిండరు గోడలకు ఎక్కుతుంది. దానిని ఎప్పటికప్పుడు తీసివేయనిచో పిస్టనులు బిగుసుకొని పోతాయి. ఈ పనికొరకే నీటి పంపు, రేడియేటరు, ఫ్యాను, థర్మోస్టాటు ఉన్నవి.

ఉష్ణమును గురించిన పాఠములో వీటిని మనము చదువుతూనే ఉంటాము. అయితే వీటికి మరొక ఉపయోగము కూడ ఉన్నది. ఇవి చరిత్రకు సాక్ష్యము చెప్పగలవు.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెసుకు వెళ్ళిన విద్యార్థులు అక్కడ 1912 నాటి పసుపుపచ్చ రోల్సు రాయిసు కారును చూచియుందురు. నిజాము రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి నేటికీ భద్రపరచబడి యున్నది. ఇట్టి వాహనము ఎదుట నిలిచినప్పుడు శాస్త్ర విద్యార్థికి ఒక ప్రశ్న తోచవలెను. ఇది ఎంతవరకు పాతది? పైరంగు పాతదా? చక్రము పాతదా? లోపలి పంపు ఏనాటిది? శాసనము చదివేవాడు రాతి మీది లిపిని చూచి శతాబ్దము చెప్పగలడు. యంత్రము విషయములో అట్టి లిపి ఏది?

ఈ ప్రశ్నను మిక్కిలి పట్టుదలతో పరిశీలించినవారు అమెరికాలోని కార్వెట్ కారు అభిమానులు. కార్వెట్ ఇద్దరు కూర్చొనే వేగపు కారు. షెవర్లే కంపెనీ దీనిని 1953 జనవరిలో న్యూయార్కు ప్రదర్శనలో చూపి, ఆ జూన్ 30న మిషిగన్ రాష్ట్రములోని ఫ్లింటు నగరములో తయారీ ప్రారంభించినది. ఆ ఏడు తయారైనవి 300 కార్లు మాత్రమే. అన్నియు తెల్లనివే. వాటి పైతొడుగు ఇనుపరేకు కాదు, గాజు నారతో బలపరచిన ప్లాస్టిక్కు. తరువాత తయారీ మిస్సోరీ రాష్ట్రములోని సెయింట్ లూయీకి మారినది. ఆరు సిలిండర్ల ఇంజనుతో పుట్టిన ఈ కారుకు 1955లో ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చినది. 1963లో రూపము పూర్తిగా మారినది. ఇంజను బలము పెరిగినకొద్దీ వేడి పెరిగినది. కారు ముక్కు పల్లముగా, ఇరుకుగా ఉండుటచేత ఆ వేడిని తీసివేయుట కష్టమైనది. కార్వెట్ చరిత్రలో సగము చల్లబరచుటకు పడిన తంటాల చరిత్రే అనిన అతిశయోక్తి కాదేమో.

ఇక్కడ కొంచెము వెనుకకు పోవలెను. తొలినాటి కార్లలో నీరు మరిగి ఆవిరి కావడమే చల్లదనము. తోవలో ఆగి నీరు పోసుకొనుచుండవలసినదే. 1900 చివర వచ్చిన మెర్సిడెస్ కారు కొరకు విల్‌హెల్మ్ మైబాఖ్ అనే జర్మన్ ఇంజనీరు తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించినాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 చేర్చి అతికి చేసినది అది. గాలి తగిలే వైశాల్యము పెరుగుటచే కొద్దిపాటి నీరే సరిపోయినది. ఫోర్డు కంపెనీ 1908లో తెచ్చిన మోడల్ టీ కారులో, తొలి రెండున్నర వేల బండ్లు మినహా, నీటి పంపే లేదు. వేడినీరు తేలికయై పైకి పోవును, చల్లనీరు బరువై కిందికి దిగును. ఈ సంవహనము మీదనే కోటిన్నర కార్లు నడిచినవి. కావున మోడల్ టీ ఇంజనుకు పంపు కనబడినచో, తొలి బండ్లలోనిదైనా కావలె, తరువాత ఎవరో తగిలించినదైనా కావలె. సాక్ష్యములలో ఇది మొదటి రకము. భాగము ఏ కాలపు విజ్ఞానమునకు చెందినదో దాని నిర్మాణమే చెబుతుంది.

కార్వెట్ రేడియేటర్లు చేసిన సంస్థ పేరు హారిసన్. దీనిని 1910లో న్యూయార్కు రాష్ట్రములోని లాక్‌పోర్టు పట్టణములో స్థాపించిన హెర్బర్ట్ హారిసన్ మన కలకత్తాలో పుట్టినవాడు. 1918 నాటికి ఆ సంస్థ జనరల్ మోటార్సులో కలిసిపోయినది. చాలాకాలము రేడియేటర్లకు వాడినవి రాగి, ఇత్తడి. గొట్టాలను సీసము, తగరము కలిసిన టంకముతో అతికేవారు. 1960లో ఎక్కువ బలముగల కార్వెట్ ఇంజన్లకు అల్యూమినియము రేడియేటరు వచ్చినది. మరుసటి సంవత్సరము అది కార్వెట్లన్నిటికి వ్యాపించినది.

రాగికంటె అల్యూమినియము మేలైన ఉష్ణవాహకమా అని విద్యార్థులు అడుగవచ్చును. కాదు. రాగి వాహకత 100 అనుకొంటే అల్యూమినియము వాహకత సుమారు 60 మాత్రమే. కాని రాగి సాంద్రత 8.96, అల్యూమినియము సాంద్రత 2.7. తూకము సమానముగా తీసుకొంటే అల్యూమినియమే గెలుస్తుంది. పందెపు కారుకు ముక్కు మీది బరువు తగ్గించుట ముఖ్యము. అయినను తరువాతి పెద్ద ఇంజన్లలో కొన్నిటికి రాగి, ఇత్తడి రేడియేటర్లే వాడినారు. అందుచేత అల్యూమినియము కనబడగానే అసలుదనియు, రాగి కనబడగానే నకలు అనియు తీర్పు చెప్పరాదు. ఏ ఏడు, ఏ ఇంజను అని చూడవలెను.

ఇక అచ్చు సంగతి. ఫ్యాక్టరీలో ప్రతి భాగమునకు ఒక సంఖ్య ఉంటుంది. మన బొగ్గు గనుల స్టోర్సులో పనిచేసేవారికి పార్టు నంబరు అనగా ఏమిటో బాగా తెలుసు. అయితే ఆ సంఖ్య భాగము పేరు మాత్రమే చెబుతుంది, దాని పుట్టినరోజు చెప్పదు. పదేండ్ల తరువాత దుకాణములో కొన్న భాగము మీద కూడ అదే సంఖ్య ఉండవచ్చును. పుట్టినరోజుకు వేరే గుర్తు ఉన్నది. హారిసన్ అల్యూమినియము రేడియేటరు మీదను, దాని ప్రక్కన ఉండే విస్తరణ తొట్టి మీదను సంవత్సరపు చివరి రెండంకెలు, నెలకు ఒక అక్షరము అచ్చొత్తేవారు. 63ఏ అనగా 1963 జనవరి, 63సీ అనగా మార్చి. నీటి పంపు పోత ఇనుముతో చేసినది. దాని మీది గుర్తులో ముందు నెల అక్షరము, తరువాత తేదీ, చివర సంవత్సరపు ఒక్క అంకె పోతలోనే ఉంటాయి. కే 22 2 అనగా నవంబరు 22, రెండుతో ముగిసే సంవత్సరము. అది 1952 కావచ్చును, 1962 కావచ్చును, 1972 కావచ్చును. ఏ దశాబ్దమో తేల్చుటకు పోత సంఖ్యను, పంపు ఆకారమును చూడవలసినదే.

తమాషా ఏమనగా, కారులో ఒక్కొక్క చోట ఒక్కొక్క పంచాంగము. 1963 నుండి కార్వెట్లకు తగిలించిన రేకు బిళ్ళ మీద కూడ నెలకు ఒక అక్షరము ఉంటుంది. కాని అక్కడ ఏ అనగా జనవరి కాదు, ఆ మోడలు తయారీ మొదలైన నెల. 1963 మోడలుకు అది 1962 సెప్టెంబరు. ఇంజను దిమ్మ మీద నెల అక్షరములలో కాక అంకెలలో ఉంటుంది. ఈ మూడు పంచాంగాలు కలగలిపి చదివినవాడు మంచి భాగమును దొంగదని తీసివేయగలడు!

ఒక లెక్క వేసి చూతము. ఒక 1963 కార్వెట్ బిళ్ళ మీద ఎఫ్ 15 అని ఉన్నదనుకొందము. సెప్టెంబరు ఏ అయినచో ఎఫ్ ఫిబ్రవరి. కారు 1963 ఫిబ్రవరి 15న తయారైనది. ఇంజను దిమ్మ మీద ఎఫ్0205 అని ఉన్నది, ఇక్కడ ఎఫ్ నెల కాదు, ఫ్లింటు ఊరి పేరు, ఫిబ్రవరి 5. పంపు మీద కే 22 2. అనగా 1962 నవంబరు. రేడియేటరు 63ఏ, జనవరి. విస్తరణ తొట్టి 63సీ, మార్చి. పంపు పోతపోసి, నునుపుచేసి, ఫ్లింటులో ఇంజనుకు బిగించి, ఇంజనును సెయింట్ లూయీకి పంపి, అక్కడ కారులో దించినారు. బొగ్గు పొరలలో కింది పొర ముందుదైనట్లు, ఈ తేదీలు కూడ ఒకదాని వెనుక ఒకటి రావలెను. పంపు, రేడియేటరు, ఇంజను, కారు వరుసగానే ఉన్నవి. తొట్టి మాత్రము కారుకంటె తరువాత పుట్టినది. కావున అది తప్పక మార్చబడినదే.

మరి మిగిలినవి అసలువని నిరూపించినట్లేనా? కాదు. ఈ పరీక్షకు ఒక లోపము ఉన్నది. తేదీ సరిపడకపోతే భాగము అసలుది కాదని గట్టిగా చెప్పవచ్చును. తేదీ సరిపడితే అసలుది కావచ్చును అని మాత్రమే చెప్పగలము. అదే నెలలో పుట్టిన వేరొక కారు రేడియేటరును తెచ్చి పెట్టియుండవచ్చు గదా. మరీ పాత తేదీ కూడ అనుమానమే. భాగము కారుకంటె ఎంత ముందు పుట్టవచ్చునో దానికి హద్దు కావలెను. 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీవారు సాధారణముగా ఆరు నెలల లోపు తేదీని అంగీకరిస్తారు.

కంపెనీ కాగితాలు చూచిన సరిపోదా అందురేమో. 1960 మోడలును గురించి ముందుగా ప్రకటించినప్పుడు కొన్ని ఇంజన్లకు అల్యూమినియము సిలిండరు మూతలు వస్తవని చెప్పినారు. పోతలో చిక్కులు వచ్చి ఆ ప్రయత్నము మానుకొన్నారు. కొన్నవారికి అవి అందనే లేదు. ఆ ప్రకటననే ప్రమాణముగా తీసుకొనువాడు లేని భాగము కొరకు జీవితమంతా వెదుకవలసివచ్చును. అచ్చయిన కాగితము కంపెనీ ఏమి చేయదలచినదో చెబుతుంది. ఏమి చేసినదో చెప్పవలసినది ఇనుమే.

అట్టి ఇనుము ఎందుకు దొరకదు? చల్లబరచే భాగాలే కారులో ముందుగా చెడిపోతాయి కనుక. మన ప్రాంతపు బోరునీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టుట అందరికి అనుభవమే. నీటిలోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కార్బొనేటుగా పేరుకొంటుంది. ఇదే రేడియేటరు సన్నని దారులలో జరిగితే వేడి బయటికి పోదు. అల్యూమినియమునకు మరొక గండము. ఇంజను దిమ్మ ఇనుము, లోపలి హీటరు గొట్టాలు రాగి, రేడియేటరు అల్యూమినియము. మూడిటిని కలుపుతూ లవణాలు కరిగిన నీరు. ఇది విద్యుత్ ఘటము వంటిది! మూడు లోహాలలో చురుకైనది అల్యూమినియము కావున అది తినివేయబడుతుంది. పైని ఆక్సైడు పొర, ద్రవములో కలిపే నిరోధకాలు కొంతకాలము కాపాడుతవి. 1927లో ప్రెస్టోన్ పేరుతో అమ్మకానికి వచ్చిన ఇథిలీన్ గ్లైకాలు ద్రవమునకు కూడ ఈ నిరోధకాలు అవసరమే. వాటి బలము తగ్గిన ద్రవమును మార్చని యజమానులకు రేడియేటరు చిల్లులు పడినది. పాతది పారవేసి కొత్తది తెచ్చుకొన్నారు. ఆనాడు దానికి చారిత్రక విలువ ఉన్నదని ఎవరనుకొన్నారు?

మూతకు కూడ ఒక మాట చెప్పవలెను. రేడియేటరు మూత పీడనమును నిలుపుతుంది. చదరపు అంగుళమునకు 15 పౌనుల అదనపు పీడనములో నీరు సుమారు 121 డిగ్రీల వద్దగాని మరుగదు. తక్కువ పీడనపు పాత వ్యవస్థకు, అందముగా ఉన్నదని, ఎక్కువ పీడనపు మూత పెట్టినచో పాత అతుకులు విడిపోతవి. ఇక్కడ సరియైన భాగమా కాదా అనునది పోటీలో మార్కుల సంగతి మాత్రమే కాదు. మూత చిమ్మితే చేయి కాలుతుంది. ఫ్యానును అవసరమును బట్టి పట్టి విడిచే క్లచ్చు కూడ అట్టిదే. అందులోని చిక్కని సిలికోను నూనె, ముందున్న ద్విలోహపు పట్టీ కలిసి పనిచేస్తవి. దాని అంచు మీద కూడ తేదీ అచ్చు ఉంటుంది. కాని నూనె కారిపోయిన క్లచ్చు, తేదీ ఎంత సరియైనదైనను, వేసవిలో ఇంజనును కాపాడదు.

అసలు భాగములకు ధర పెరిగినకొద్దీ దొంగ అచ్చులు పుట్టినవి. కొత్త రేడియేటరు మీద పాత తేదీ కొట్టుట పెద్ద కష్టము కాదు. అందుకే అచ్చును మాత్రమే కాక లోహమును కూడ చదువవలెను. అసలు హారిసన్ రేడియేటరు ఒత్తిన పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి బ్రేజింగు చేసినది. వేరుగా గొట్టాలు, రెక్కలు పేర్చి, తొట్లను వెల్డింగుతో అతికిన నకలు పక్కన పెట్టి చూచినచో తేడా తెలుస్తుంది. అక్షరాల లోతు, వరుస, ఆకారము ఒకే నెల నాటి ఇతర రేడియేటర్లతో పోల్చవలెను. నా మట్టుకు, ఇది ఫలానా సంవత్సరము మార్చిన భాగము అని చీటీ రాసిపెట్టిన యజమాని, దొంగ అచ్చు కొట్టించి బహుమతి గెలిచినవానికంటె చరిత్రకు ఎక్కువ మేలు చేసినాడు. మొదటివాని కారును రేపు ఎవరైనా చదువుకొనవచ్చును. రెండవవాని కారు తరువాత వచ్చే పరిశీలకులందరిని తప్పుదారి పట్టిస్తుంది.

కొందరు యజమానులు ఈ చిక్కునకు వేరొక ఉపాయము కనిపెట్టినారు. పరీక్షలో నెగ్గిన అసలు రేడియేటరును విప్పి, లోపలి నీరంతా ఆరబెట్టి, పెట్టెలో పెట్టి దాచుతారు. రోడ్డు మీద తిరుగుటకు కొత్త నకలును, నకలు అని తెలిసియే, బిగిస్తారు. పోటీకి ముందు మళ్ళీ నాలుగు గొట్టాలు విప్పి పాతదానిని ఎక్కిస్తారు.