దొర: ఒక చిన్న మాట, అనేక చరిత్రలు

విశాఖపట్నం పోర్టులో, గాజువాక షెడ్లలో, ఉక్కు కర్మాగారం కాంట్రాక్టు పనుల్లో మన అరకు, అనంతగిరి, పాడేరు, హుకుంపేట వైపు పిల్లలు చాలామంది పని చేస్తున్నారు. వారిలో కొందరి పేర్ల చివర ‘దొర’ అని ఉంటుంది. హాజరు పట్టీలో ఆ పేరు చూసి సూపర్‌వైజరు, ‘ఏ ఊరి దొరవయ్యా నువ్వు?’ అని నవ్వుతాడు. తెలంగాణ నుంచి వచ్చిన తోటి పనివాడికి అదే మాట వినగానే గడీ గుర్తుకొస్తుంది. క్వార్టర్స్‌లో చిన్నపిల్లలకైతే టీవీలో వీపున సంచీ తగిలించుకుని తిరిగే డోరా గుర్తుకొస్తుంది. మాట రెండక్షరాలే. విన్నవాళ్ల మనసులో మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ.

నేనూ కొండదొర కుటుంబంలో పుట్టినవాణ్ణే. మన పేరును ఎవరో ఒకరు ఎగతాళిగా అడిగినప్పుడు మన పిల్లలు తలవంచుకోవడమో, కోపం తెచ్చుకోవడమో చేస్తారు. ఆ రెండూ అక్కర్లేదు. మాట ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతుల్లో ఎలా మారింది అని తెలిస్తే నింపాదిగా జవాబు చెప్పవచ్చు. అందుకే ఈ వ్యాసం.

ముందు తెలుగులో చూద్దాం. దొర అంటే ప్రభువు, యజమాని, పెద్దమనిషి. కన్నడంలో ‘దొరె’ అంటే రాజు. తమిళంలో ‘దురై’. తమిళనాడు ముఖ్యమంత్రిగా పనిచేసిన అణ్ణాదురై పేరులో ఉన్నది ఈ మాటే. అన్న, దొర కలిస్తే అణ్ణాదురై. ఆ పేరు విని తమిళనాట ఎవరూ నవ్వరు, ఎవరూ భయపడరు. అక్కడ అది మర్యాదగల మామూలు పేరు. మన ఉత్తరాంధ్రలోనూ, గోదావరి జిల్లాల్లోనూ దొరబాబు అని పిల్లలకు ముద్దుగా పేరు పెట్టుకునేవారు ఎందరో ఉన్నారు.

తెల్లవాళ్లు వచ్చాక ఈ మాటకు కొత్త బరువు వచ్చింది. కలెక్టరు దొర, జడ్జి దొర, పోలీసు దొర. ఉత్తర భారతంలో ‘సాహెబు’ అన్నచోట దక్షిణాన ‘దొర’ అన్నారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్ల నోట తిరిగిన మాటలన్నీ పోగుచేసి 1886లో వేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో కూడా ఈ మాట ఎక్కింది. తమిళ కూలీలు పనిచేసిన తేయాకు తోటల్లో పెద్ద మేనేజరు ‘పెరియ దురై’, కింది అధికారి ‘చిన్న దురై’. తెలుగులో ప్రభుత్వాన్నే ‘దొరతనం’ అన్నారు. ‘ఇంగ్లీషు దొరతనము వారు’ అని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. అదే దొరతనం అనే మాటకు ఇంకోచోట పెద్దమనిషి తరహా, ఉదారగుణం అనే అర్థం కూడా ఉంది. ఒకే మాటలో పరిపాలనా ఉంది, మంచితనమూ ఉంది. ఆ రెండూ ఎప్పుడూ కలిసి ఉండవని మన ముత్తాతలకు బాగా తెలుసు.

తెలంగాణలో మాట ఇంకో దారి పట్టింది. నిజాం పాలనలో వేల ఎకరాలు చేతిలో పెట్టుకుని ఊరందరిచేత వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖులు, భూస్వాములు అక్కడి దొరలు. ‘నీ బాంచెన్ దొరా’ అంటే ‘నీ బానిసను దొరా’ అని. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం ఆ దొరల మీదనే. అందుకే తెలంగాణ మిత్రుడు మన పేరు విని ముఖం చిట్లించుకుంటే తప్పు పట్టకండి. అతని తాత విన్న దొర వేరు, మన తాత దొర వేరు.

ఇక మన కొండలకు వద్దాం. కొండదొర, మన్నెదొర, ముఖదొర లేదా నూకదొర అని షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న పేర్లు మీకు తెలుసు. కొండదొర అంటే కొండకు దొర. పేరు వింటే కొండంతా వీళ్లదే అనిపిస్తుంది. చరిత్ర చూస్తే మరోలా ఉంటుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతలనాటి కొండలు రిజర్వు ఫారెస్టులయ్యాయి. పోడు కొట్టాలన్నా, కలప తెచ్చుకోవాలన్నా గార్డు దయ ఉండాలి. రోడ్లు వేయడానికి, అధికారుల సామాన్లు మోయడానికి వెట్టికి పోవాలి. పేరుకు కొండకు దొరలు. చేసేది ఊళ్లోకి వచ్చిన దొర పెట్టె మోసే పని.

ఇలాంటి రోజుల్లోనే 1900లో సాలూరు తాలూకా కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర లేచాడు. కొండదొరలు తమను పాండవుల వంశమని చెప్పుకునేవారు. మల్లయ్య తాను పాండవుల్లో ఒకరి అవతారమని చెప్పాడు. తన చిన్న కొడుకు కృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి తానే ఏలుతానన్నాడు. మన చేతుల్లో వెదురు కర్రలు తుపాకులవుతాయని, వాళ్ల ఆయుధాలు నీళ్లవుతాయని జనానికి ధైర్యం చెప్పాడు. వేలమంది చుట్టూ చేరారు. వెదురు తుపాకులు కాలేదు. పోలీసులు కాల్చారు, మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సర్కారు కాగితాల్లో అది ఒక మూఢుడి అల్లరిగా మిగిలింది. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపిస్తుంది. పేరులో ఉన్న దొరతనాన్ని నిజం చేసుకోవాలని ఒక కొండదొర చేసిన ప్రయత్నం అది.

మరో 22 ఏళ్లకు గూడెం, చింతపల్లి కొండల్లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో పోరాటం మొదలైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకుపోయారు. రాజుకు కుడిభుజంగా ఉన్నవారిలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములున్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి దారిలో కాపువేసినప్పుడు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. జనం నోట వాళ్లూ దొరలే. ఒక్కసారి ఆలోచించండి. తుపాకీకి ఇటు గంటందొర, మల్లుదొర. అటు కవర్డు దొర, హైటరు దొర. ఇటువైపు దొర అంటే తన మనుషుల మధ్య ఉండి, వాళ్లతో కలిసి అంబలి తాగే ఊరి పెద్ద. అటువైపు దొర అంటే సముద్రం దాటి వచ్చి హుకుం చేసేవాడు. అక్షరాలు మారలేదు. ఆ మాట పలికిన మనిషి ఎవరి పక్కన నిలబడ్డాడన్నదే తేడా.

గంటందొర 1924లో పోరాటంలోనే చనిపోయాడు. మల్లుదొర 1923లో పట్టుబడి జైలుపాలయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒకరు లంకా సుందరం, రెండోవారు గాం మల్లుదొర. ఒకనాడు తెల్లదొరల మీద తుపాకి ఎత్తిన మల్లుదొర, వాళ్లు వెళ్లిపోయాక విశాఖపట్నం పేరు మీద ఢిల్లీలో లోక్‌సభలో కూర్చున్నాడు. ‘ఏ ఊరి దొరవి’ అని విశాఖలో ఎవరైనా అడిగితే, ‘మీ ఊరికి మొదటి ఎంపీల్లో ఒకరు మా దొరే’ అని మన పిల్లలు చెప్పవచ్చు.

ఇప్పటిదాకా చూసినవన్నీ ఒకే మాట కొమ్మలు. మరి టీవీలో డోరా? ఆ అమ్మాయికీ మనకూ చుట్టరికం లేదు. స్పానిష్‌లో అన్వేషించే ఆడమనిషిని ‘ఎక్స్‌ప్లోరదోరా’ అంటారు. ఆ మాట తోకలో డోరా ఉంది. యూరప్‌లో ఆడపిల్లలకు పెట్టే డోరా, డొరోతీ, థియోడోరా అనే పేర్లలోని డోరా గ్రీకు మాట. దానికి అర్థం కానుక. హిందీలో డోరా అంటే దారం. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో బ్రిటన్ ఒక రాజ్యరక్షణ చట్టం చేసింది. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి అక్కడివాళ్లు ‘డోరా’ అని పిలుచుకున్నారు. ఆఖరికి మన తెలుగులోనే ‘దొరుకు’ అనే క్రియ ఉంది. ‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’ అనే సామెతకు రుచి వచ్చింది ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం వల్లే. ధ్వని కలిసింది కదా అని వీటన్నిటికీ ఒకే తల్లి అనుకోకూడదు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. విశాఖ రేవు నగరం. 1933లో పోర్టు మొదలు కాకముందు నుంచీ ఈ తీరానికి ఓడల్లో సరుకుతో పాటు మాటలు దిగుతూనే ఉన్నాయి. మనవాళ్లు రోజూ పలికే ‘మేస్త్రీ’ పోర్చుగీసు మాట. బడిలో పిల్లలు నన్ను పిలిచే ‘మాస్టారు’ ఇంగ్లీషు మాట. రెండూ చాలా వెనక్కి వెళితే ఒకే లాటిన్ మాట దగ్గర కలుస్తాయి. రెంటికీ మూల అర్థం పైవాడు, అంటే దొర! పనిలో కూలీని అదిలించే మేస్త్రీ, బడిలో అక్షరం నేర్పే మాస్టారు మాటల లెక్కన దాయాదులు. ఒకేలా వినిపించేవి పరాయివి కావచ్చు, వేరేగా వినిపించేవి అన్నదమ్ములు కావచ్చు. మాటల చరిత్ర నేర్పే మొదటి పాఠం ఇది.

ఈ పాఠం మన సొంత భాషల పేర్లకూ అవసరం. కుయి, కువి, కూబి అని మూడు పేర్లున్నాయి. కార్యాలయాల్లోనూ, కొన్నిసార్లు మన ఉపాధ్యాయుల్లోనూ వీటిని కలిపేసేవాళ్లు ఉన్నారు. ఒడిశా కోందుల భాష కుయి. ఒడిశా దక్షిణ కొండల నుంచి మన జిల్లాల దాకా మాట్లాడే కోందు భాష కువి. కొండదొరల భాష కూబి. దీన్నే కొండ భాష అని కూడా అంటారు. మూడూ ద్రావిడ భాషలే, తెలుగుకు తోబుట్టువులే. అయినా ఒకదానికొకటి వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కూబి మాట్లాడేవారి దగ్గర కూర్చుని, 1969లో ఆ భాష మీద పెద్ద పుస్తకం వేశారు. కూబి తెలుగుకు చెడిపోయిన రూపం కాదని, తన వ్యాకరణం తనకున్న భాష అని చదువుకున్న లోకానికి అలా తెలిసింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ‘కొండదొర’ తెలుగు మాట. అది మైదానం మనల్ని పిలిచిన పేరు. మన భాషలో మనల్ని మనం పిలుచుకున్న పేరు కూబి. షెడ్యూల్డు తెగల జాబితాలో ‘కొండదొరలు’ పక్కన ‘కూబి’ అని కూడా రాసి ఉంది. పరాయివాళ్లు ఇచ్చిన పేరు గౌరవమైనదే కావచ్చు, మనం దాన్ని మోసి గెలిచాం కూడా. కానీ ఆ పేరు నిలిచి, మన పేరు పలికే నోరు పోతే మిగిలేదేమిటి? కొండదొరల్లో చాలామంది ఇప్పటికే తెలుగే మాట్లాడుతున్నారు. 1960లలో బైలాడీలా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపడానికి మన అరకు కొండల మీదుగా రైలు దారి వేశారు. ఖనిజంతో పాటు మన యువకులూ ఆ దారినే దిగారు. నగరంలో పుట్టిన వాళ్ల పిల్లలకు పేరు చివర దొర ఉంటోంది, నోట్లో కూబి ఉండటం లేదు.

పేరు మాత్రమే మనల్ని కాపాడదు. కొండకు దొరలమన్న పేరు ఉన్నా భూమి నిలబడటానికి 1970 నాటి 1/70 నిబంధన కావలసి వచ్చింది. భాష కూడా అంతే, దాన్ని పేరు కాపాడదు. ఇంట్లో మాట్లాడితేనే, బడిలో రాస్తేనే నిలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తయారు చేసినప్పుడు కొండ భాష కూడా అందులో ఉంది. పుస్తకం వచ్చిన చోట దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా చూడవలసింది మనమే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల పేర్లు హాజరు పట్టీలో చదివి ఊరుకోకండి. ఏడాదికి ఒక్క వారమైనా ప్రతి పిల్లవాడినీ తన పేరు, తన ఇంటిపేరు, తన ఊరి పేరు ఎక్కడి నుంచి వచ్చాయో ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రాసుకురమ్మనండి. మైదానం వాళ్లు మన గెడ్డలకు, కొండలకు పెట్టిన పేరు ఒక వరుసలో, మన భాషలో ఉన్న పేరు పక్క వరుసలో రాయించండి. రెండో వరుస ఖాళీగా ఉంటే, ఊళ్లో అది తెలిసిన ముసలివాళ్లు ఉండగానే వెళ్లి అడగండి. నగరంలో పనిచేస్తున్న యువకులు సెలవుకు ఊరు వచ్చినప్పుడు చేతిలో ఫోను ఉంటుంది కదా, అవ్వ చెప్పే కూబి మాటలు అందులో రికార్డు చేసుకుని పట్టుకెళ్లండి. ఈసారి ఎవరైనా ‘దొర అంటే ఏమిటి?’ అని అడిగితే అది తెలుగు మాట అని చెప్పి, మన మాట కూడా ఒకటి వినిపించండి.