శాన్ జెనారో ఉత్సవం

న్యూయార్క్ నగరం మన్‌హటన్‌లోని లిటిల్ ఇటలీలో ఏటా సెప్టెంబరులో 11 రోజులు జరిగే వీధి ఉత్సవం. శాన్ జెనారో ఇటలీలోని నేపుల్స్ నగరానికి రక్షకుడిగా కొలిచే క్రైస్తవ పునీతుడు. ఆయన స్మారక దినమైన సెప్టెంబరు 19న, 1926లో, మల్బరీ వీధిలో స్థిరపడిన నేపుల్స్ వలసదారులు దీన్ని ఒక్కరోజు పండుగగా మొదలుపెట్టారు.

పునీతుడి విగ్రహాన్ని మోస్ట్ ప్రెషియస్ బ్లడ్ చర్చి నుంచి ఊరేగిస్తారు. భక్తులు విగ్రహానికి కట్టిన రిబ్బన్లకు డాలర్ నోట్లు గుచ్చుతారు. వీధి పొడవునా సాసేజీలు, జెప్పోలే, కనోలీ అమ్మే దుకాణాలు వెలుస్తాయి.

పండుగ పెరిగింది, పేట మాత్రం ఖాళీ అయింది. 1950లో ఇక్కడి పదివేల పైచిలుకు నివాసుల్లో దాదాపు సగం మంది ఇటాలియన్ అమెరికన్లు. తర్వాతి తరాలు శివారు ప్రాంతాలకు తరలిపోయాయి, పొరుగున ఉన్న చైనాటౌన్ విస్తరించింది. 2010 చివర్లో వెలువడిన జనగణన సర్వేలో వారి వాటా సుమారు 5 శాతమే. ఇటలీలో పుట్టినవారు ఒక్కరూ కనిపించలేదు. అదే ఏడాది చైనాటౌన్, లిటిల్ ఇటలీలను కలిపి జాతీయ చారిత్రక ప్రదేశాల జాబితాలో చేర్చారు.

జాబితా భవనాలకు గుర్తింపునిచ్చింది. వెళ్లిపోయిన కుటుంబాలను ఏడాదికోసారి పాత వీధికి రప్పిస్తున్నది మాత్రం ఈ పండుగే. ఉత్సవం వట్టి తినుబండారాల సంతగా మిగలకుండా ఉండటం ఇప్పుడు ఆ ఊరేగింపు మీదే ఆధారపడి ఉంది.