ఫిలిం కడిగే మందు: మాచికాయ నుంచి డి-76 వరకు

కెమేరా మీట నొక్కినంత మాత్రాన ఫోటో తయారుకాదు. రెప్పపాటు కాలంలో ఫిలింమీద పడిన వెలుగు అక్కడ ఒక గుర్తును వదలిపోవును గాని, ఆ గుర్తు కంటికి కానరాదు. దానిని బయటికి తెచ్చునది ఒక రసాయనిక ద్రవం. దానికి డెవలపరు అని పేరు. మన ఊళ్ళలో ఈ పనినంతటిని కలిపి "రీలు కడిగించుట" అని అంటారు. మాట సొంపుగానే ఉన్నది. అయితే డెవలపరు దేనినీ కడిగివేయదు, అక్కడ లేని నలుపును పుట్టించును.

నలుపు తెలుపు ఫిలింను ఇంటివద్దనే కడుగుకొనువారు నేటికిని ఉన్నారు. స్నానాలగది కిటికీకి దుప్పటి అడ్డము కట్టి, తలుపు సందులలో గుడ్డలు కుక్కి, ఆ పని చేసికొనుచున్నారు. వారు మొదట అడిగే ప్రశ్న, ఏ డెవలపరు మంచిదని. పొడుల పొట్లాలు, ద్రవాల సీసాలు అంగడిలో అనేకరకాలు దొరకును. ఆ ప్రశ్నకంటె ముందు మరియొకటి అడుగవలెనని మా అభిప్రాయం: ఆ సీసాలో ఏమున్నదో కొన్నవానికి తెలియునా? ఛాయాచిత్రణ చరిత్రలో చాలభాగం ఈ రెండవ ప్రశ్న చుట్టూనే తిరిగినది. రేడియోలో బొమ్మను చూపలేము గనుక, బొమ్మను పుట్టించిన మందుల కథ చెప్పుట మాకు కొంత అనుకూలం కూడాను.

ఫిలింపైన ఉన్నది జెలటిన్ పూత. అందులో వెండి లవణాల కణాలు లెక్కలేనన్ని చెదరి ఉండును. వెలుగు తగిలిన కణంలో కొద్ది అణువుల వెండి మాత్రమే విడివడును. డెవలపరు ఆ కణాన్ని ఆనవాలు పట్టి, దానినంతటిని నల్లని వెండిగా మార్చివేయును. వెలుగు తగలని కణాన్ని సాధ్యమైనంతవరకు ముట్టదు. అది మిగిలిపోయినచో తరువాత హైపో ద్రవం కరగించివేయును. గుర్తుపడిన కణానికీ పడని కణానికీ భేదం తెలిసికొనుటయే డెవలపరుకు ఉండవలసిన గుణం. వెండి లవణాన్ని వెండిగా మార్చగల పదార్థాలు రసాయనశాస్త్రంలో ఎన్నో ఉన్నవి. ఈ వివేకం గలవి మాత్రం కొద్ది.

1839లో ఫ్రాన్సు దేశంలో డాగెర్ ప్రకటించిన పద్ధతిలో ఈ పని చేసినది పాదరసపు ఆవిరి. పాదరసాన్ని దీపంపై వేడిచేసి, ఆ పొగలో వెండిపలకను ఉంచేవారు. ఆ పొగను పీల్చినవారి గతి ఏమైనదో ఊహించుకొనవచ్చును. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను విద్వాంసుడు కాగితంమీద ప్రయోగాలు చేయుచు, 1840 సెప్టెంబరులో గాలికామ్లమునకు ఈ శక్తి ఉన్నదని కనుగొన్నాడు. అంతవరకు కాగితంమీద బొమ్మ కనబడునంతవరకు కెమేరాను చాలసేపు ఎండలో ఉంచవలసివచ్చేది. ఇప్పుడు కొద్ది నిమిషాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకాలము చాలినది.

గాలికామ్లం దొరకునది మాచికాయలో. ఈ వస్తువు మనకు కొత్తది కాదు. మాచికాయలోని ఒగరే మన కరక్కాయలోను ఉన్నది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచుకొనుట మన పల్లెబడులలో చిరకాలం నడచిన పని. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ నీటిలో ముంచి, ఇనుపనీళ్ళతో నల్లగీతలు దిద్దుటలోను ఇదే సూత్రం. టాల్బట్‌కు కావలసినది ఒగరు పదార్థం ఇనుముతో చేయు పని కాదు, వెండితో చేయు పని. అయినను తెలుగు ఇంటిలో సిరా బుడ్డి నింపిన రెండు వస్తువులును ఛాయాచిత్రణలో ప్రధానపాత్ర వహించినవని చెప్పుకొనుట మనకు ఉల్లాసకరం. రెండవది, అన్నభేది, కొద్దిసేపట్లో వచ్చును.

టాల్బట్ 1841లో తన పద్ధతికి పేటెంటు తీసికొన్నాడు. ఇక్కడనే చిక్కు మొదలైనది. జీవనోపాధికై బొమ్మలు తీయదలచినవాడు ఆయనకు పెద్దమొత్తంలో రుసుము చెల్లించవలెను. విమర్శలు పెరుగగా 1852లో ఆయన కొంత తగ్గి, వినోదార్థం చేసికొనువారికి పేటెంటును వదలుకొన్నాడు. డబ్బు తీసికొని మనుష్యుల బొమ్మలు తీయు వృత్తిని మాత్రం తన చేతిలోనే ఉంచుకొన్నాడు. అనగా ఇంటిలో కడుగుకొనువానికి ఆ సంవత్సరమే స్వాతంత్ర్యం లభించినదన్నమాట. వృత్తిదారునికి లభించలేదు.

ఇంతలో 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను శిల్పి గాజుపలకపై కొలోడియన్ పూత పూసి బొమ్మ తీయు పద్ధతిని ఒక పత్రికలో ప్రకటించినాడు. పేటెంటు తీసికొనలేదు. ఆయన వాడిన డెవలపరు పైరోగాలికామ్లం. గాలికామ్లాన్ని వేడిచేసిన వచ్చునది. టాల్బట్ ఊరకుండలేదు. పైరో అయినను గాలికము అయినను ఒకటే, కావున గాజుపలకవారును తన పేటెంటు కిందికే వత్తురని వాదించినాడు. లండనులో ఆక్స్‌ఫర్డ్ వీధిలో స్టూడియో నడుపుచుండిన మార్టిన్ లరోష్‌పై దావా వేసినాడు. 1854 డిసెంబరులో మూడు రోజులు విచారణ సాగినది. రెండు ఆమ్లాలు ఒకటేనా, వేరువేరా అని రసాయనశాస్త్రజ్ఞులు పన్నెండుగురు జూరీసభ్యుల ఎదుట నిలబడి తర్కించినారు. రీడ్ అను మతాచార్యుడు 1839లోనే మాచికాయ కషాయం వాడినాడన్న సాక్ష్యం కూడా వచ్చినది. జూరీ తీర్పు విచిత్రమైనది. లోకానికి వెల్లడించిన మొదటివాడు గనుక చట్టప్రకారం టాల్బటే ఆవిష్కర్త. కాని లరోష్ చేసినది నేరం కాదు. ఆ తీర్పుతో గాజుపలక అందరిదీ అయినది. టాల్బట్ తన పేటెంటును పొడిగించుకొను ప్రయత్నం మానుకొన్నాడు. అందరికీ ఉచితంగా ఇచ్చిన ఆర్చర్ మాత్రం 1857లో బీదతనంలోనే మరణించినాడు. ఈ ఇద్దరిలో ఎవరు న్యాయంగా నడచినారన్న విషయంలో మాకు సందేహం లేదు. అయితే ఉదారునికి దక్కిన ప్రతిఫలం చూచినప్పుడు టాల్బట్ భయం కూడా కొంత అర్థమగును.

గాజుపలకలకు త్వరలోనే పైరోకు బదులు అన్నభేది వాడుకలోనికి వచ్చినది. చవక, వేగం, చేతికి పెద్దగా హాని లేదు. చిక్కంతయు పలకతోనే: పూత ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే డెవలపరు పోయవలెను. పొలంలో పనిచేయు ఛాయాచిత్రకారుడు చీకటిడేరాను వెంట మోసుకొని పోయేవాడు. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పూతను సూచించగా, దానినుండి క్రమంగా పొడిపలకలు తయారై ఆ బాధ తీరినది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదులో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ తడిపలకలతో ఆరంభించి పొడిపలకలలోనికి వచ్చిన తరంవాడు. ఆ తరంవారి చేతివ్రేళ్ళకు వెండి మచ్చలు, పైరో మచ్చలు వదలేవి కావు. పైరో చర్మంగుండా లోనికి పోగల విషమని నేడు మనకు తెలియును.

1880లో కెప్టెన్ ఆబ్నీ హైడ్రోక్వినోన్ గుణాన్ని కనుగొన్నాడు. 1891లో జర్మనీలో రెండు వస్తువులు వెలువడినవి. ఒకటి హాఫ్ సంస్థవారి మెటాల్. రెండవది ఆగ్ఫా సంస్థలో మోమ్ అండ్రెసెన్ రూపొందించిన రోడినాల్. అద్దకపు రంగుల పరిశ్రమనుండి పుట్టిన బిడ్డలివి. మాచికాయ కాలం అంతటితో ముగిసినది. ఇల్లాలు అంగడినుండి తేగల వస్తువులతో చేసికొను పని పోయి, ఒక దేశపు కర్మాగారాలపై లోకమంతయు ఆధారపడు స్థితి వచ్చినది. సీసాపై పేరు ఉండును. లోపల ఏమున్నదో ఉండదు.

1914లో యుద్ధం రాగానే ఈ ఆధారం తెగిపోయినది. బ్రిటనులోను అమెరికాలోను మెటాల్ అరుదై, ధర అమితంగా పెరిగినది. జర్మనీనుండి రావలసిన సేంద్రియ రసాయనాలను స్వయంగా తయారుచేయుటకు కొడాక్ సంస్థ 1918లో ప్రత్యేక విభాగమునే నెలకొల్పవలసివచ్చినది.

ఆ కొడాక్ పరిశోధనశాలలోనే, 1926-27 ప్రాంతంలో, జాన్ కాప్‌స్టాఫ్ సినిమా ఫిలిం ప్రతులు తీయుటకై ఒక డెవలపరును రూపొందించినాడు. అదియే డి-76. దీని విశేషం గుణంలో ఎంత ఉన్నదో, పాళ్ళను బయటపెట్టుటలో అంత ఉన్నది. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. కంసాలి కుంపటివద్ద ఉండు వెలిగారమే ఇది. మెటాల్ త్వరగా మేల్కొని నీడలలోని సూక్ష్మాలను తెచ్చును. హైడ్రోక్వినోన్ నెమ్మదిగా కదలి వెలుగుభాగాలకు చిక్కదనమిచ్చును. రెండు కలిసినప్పుడు విడివిడిగా చేయు పనుల మొత్తానికి మించిన పని జరుగును. సల్ఫైటు ద్రవాన్ని గాలినుండి కాపాడుచు, కణాల అంచులను కొద్దిగా కరగించి బొమ్మకు నున్నదనం తెచ్చును. వెలిగారం స్వల్పమైన క్షారం. అందుచేత పని తొందరపడదు. ఇల్ఫర్డ్ సంస్థవారి ఐడి-11 పాళ్ళు కూడా ఇవియే. తక్కెడ ఉన్న ఏ ఇంటివాడైనను దీనిని కలుపుకొనవచ్చును.

మెటాల్‌తో ఒక బాధ ఉన్నది. కొందరి చేతులకు అది దురద, పుండ్లు తెప్పించును. 1940లో ఇల్ఫర్డ్‌లో కెండాల్ కనుగొని, 1951లో అంగడికి వచ్చిన ఫినిడోన్ ఈ బాధను చాలవరకు తీర్చినది. మెటాల్‌లో సుమారు పదోవంతు చాలును కూడాను. 1996లో కొడాక్ తెచ్చిన ఎక్స్‌టాల్‌లో హైడ్రోక్వినోన్ స్థానాన్ని సి విటమిన్ జాతి పదార్థం ఆక్రమించినది. అంతకు ఒక సంవత్సరం ముందు, 1995లో, అమెరికాలో రాచెస్టర్ సాంకేతిక విద్యాలయపు తరగతిలో కాఫీపొడి, చాకలిసోడాలతో ఫిలిం కడిగి చూపినారు. కాఫీలోని ఒగరు ఆమ్లాలే ఆ పని చేసినవి. మాచికాయకు దూరపు చుట్టమన్నమాట. తరువాత కొందరు దానికి సి విటమిన్ చేర్చి మెరుగుపరచినారు. వాసన మాత్రం భరించరానిదని చేసినవారందరును చెప్పుచున్నారు. నెగెటివుకు గోధుమరంగు మరక పట్టును. ప్రయోగానికి బాగున్నది, మరల తీయుటకు వీలులేని పెళ్ళిఫోటోలను దానిలో ముంచుమని మేము చెప్పజాలము.

2005లో ఆగ్ఫా ఫోటో సంస్థ దివాలా తీసినది. 2012లో కొడాక్ న్యాయస్థానపు రక్షణ కోరినది. అయినను రోడినాల్ నేటికిని జర్మనీలో తయారగుచున్నది, డి-76 పాళ్ళతో పొట్లాలు వేరు సంస్థలు అమ్ముచున్నవి. పాళ్ళు బయట ఉండుటయే వీటిని కాపాడినదని మేము తలచుచున్నాము. గుట్టుగా ఉంచబడిన అనేక డెవలపర్లు వాటి సంస్థలతోనే మాయమైనవి.

ఇక ఏది కొనవలెను? ఏడాదికి నాలుగు రీళ్ళు కడుగువానికి రోడినాల్ మేలు. చిక్కని ద్రవం, సంవత్సరాల తరబడి చెడదు, ఒక వంతుకు ఇరవైఐదో యాభైయో వంతుల నీరు కలిపి వాడి పారబోయవచ్చును. కణం మాత్రం గరుకుగా కనిపించును. వేగపు ఫిలింకు అంత నప్పదు. తరచుగా కడుగువానికి, వేగపు ఫిలిం వాడువానికి డి-76. చేతులకు మెటాల్ పడనివారు ఫినిడోన్ ఉన్నదానిని చూచుకొనవలెను. ఎవరైనను చేతికి రబ్బరు తొడుగు వేసికొనుట, వంటపాత్రలను దీనికి వాడకుండుట అవసరం.

మన వేసవి మరియొక సమస్య. పట్టికలన్నియు 20 డిగ్రీల వేడికి వ్రాసినవి. బెజవాడలో మే నెల కుళాయి నీరు 30 దాటును. 20 డిగ్రీలవద్ద ఏడెనిమిది నిమిషాలు పట్టు పని 24వద్ద ఐదారు నిమిషాలలో ముగియును. ఇంకను వేడెక్కినచో జెలటిన్ మెత్తబడును. మంచుముక్కలు వేసిన బకెట్టులో సీసాను నిలిపి చల్లార్చుట సులభోపాయం. ముక్కను డెవలపరులోనే వేయరాదు, పలుచనగును. పూత ఉబ్బకుండ సోడియం సల్ఫేటు కలుపు పద్ధతియు ఉన్నది. సల్ఫేటు వేరు, సల్ఫైటు వేరు. అంగడివాని చీటీపై ఒక్క అక్షరాన్ని రెండుమార్లు చదువుకొనవలెను.

డి-76ను స్వయంగా కలుపువారికి వరుస ముఖ్యం. 50 డిగ్రీల నీరు ముప్పాతిక లీటరు తీసికొని, మొదట చిటికెడు సల్ఫైటు, తరువాత మెటాల్ అంతయు కరగించవలెను. సల్ఫైటు మొత్తం ముందే పోసినచో మెటాల్ కరగక తెల్లని రేణువులుగా తేలును. మెటాల్ పూర్తిగా కరగిన పిమ్మట మిగిలిన సల్ఫైటు, హైడ్రోక్వినోన్, వెలిగారం క్రమంగా వేసి, చల్లని నీటితో లీటరుకు నింపి, ముదురురంగు సీసాలో మూతిదాకా పోసి, తేదీ వ్రాసి పెట్టుకొనవలెను.