చలికాలపు లక్నోలో ఒక కరువు కట్టడం

లక్నో చూడాలంటే జనవరిలోనే చూడాలి. పొగమంచుకు రైలు ఆలస్యమైనా సరే. ఎందుకంటే అక్కడి చౌక్‌లో పొద్దున్నే అమ్మే మక్ఖన్ మలాయ్ ఎండాకాలంలో దొరకదు. కాచిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, ఆ నురగలో కుంకుమపువ్వు కలిపి దొన్నెలో పెట్టి ఇస్తారు. నోట్లో వేసుకుంటే ఉందో లేదో తెలియదు. ఎండెక్కితే కరిగిపోతుంది.

అది తిని బడా ఇమాంబాడాకు వెళ్లాం. 1784లో అవధ్‌లో కరువు వచ్చినప్పుడు, జనానికి పని కల్పించడానికి నవాబు ఆసఫుద్దౌలా మొదలుపెట్టిన కట్టడం అది. సుమారు 50 మీటర్ల పొడవున్న నడిమి హాల్లో ఒక్క స్తంభం లేదు, పైన ఒక్క దూలం లేదు.

అక్కడ తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. ఆ కరువులో కలిగినవాళ్ల ఇళ్లలోనూ పొయ్యి వెలగలేదట. పగలు తట్ట మోస్తే నలుగురూ చూస్తారని వాళ్లకు సిగ్గు. అందుకే వాళ్లకు రాత్రిపూట, మొహాలు కనబడని చీకట్లో పని ఇచ్చేవారట. పగలు కట్టినదాన్ని రాత్రి కూల్చడమే ఆ పని అని కూడా అంటారు.

1833 నాటి గుంటూరు డొక్కల కరువు గురించి విన్న మనకు ఆకలి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆకలితో పాటు అభిమానమూ ఉంటుందని గుర్తుపెట్టుకుని సాయం చేసేవాళ్లు ఎందరు? చుట్టాల్లో ఎవరికైనా ఇబ్బంది వచ్చిందని తెలిస్తే, నలుగురిలో వాళ్ల చేతిలో డబ్బు పెట్టబోయే ముందు ఆ చీకటి నాకు గుర్తొస్తుంది.