గుర్రం కంటితో రోడ్డు

గుర్రాల గురించి వ్యాసం రాయడానికి నాకున్న అర్హత చాలా తక్కువ. జీవితంలో ఒక్కసారే గుర్రమెక్కాను. అదీ ఊటీ చెరువు పక్కన, పగ్గం పట్టుకుని ఒకతను ముందు నడుస్తుంటే, ఓ పది నిమిషాలు. వృత్తి సాఫ్ట్‌వేరు, వ్యసనం చరిత్ర పుస్తకాలు. అయినా కొంతకాలంగా గుర్రాలు, రోడ్లు, గుర్రాల మీంచి పడి చచ్చిపోయిన రాజులు, మంత్రులు - ఇవే చదువుతున్నాను. ఎందుకో ముందే చెప్పేస్తాను.

ఉద్యోగం మీద ఇంగ్లండు వచ్చిన మొదటి ఏడాది. డెవన్‌లో ఒక పల్లెదారి. అటూ ఇటూ మనిషికన్నా ఎత్తుగా పొదల కంచె. నా కారు ముందు రెండు గుర్రాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. కుడివైపు గుర్రం మీద యాభై దాటిన ఒకావిడ, ఎడమవైపు, కంచెను ఆనుకుని, పధ్నాలుగు పదిహేనేళ్ళ అమ్మాయి. ఒకరి వెనక ఒకరు నడిస్తే నాకు దారి దొరుకుతుంది కదా! ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ దారంతా ఆక్రమించేశారు అనుకున్నాను. నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టి, చిన్నగా హారన్ కొట్టాను. నిజంగా చిన్నగానే. హైదరాబాదులో అయితే అది హారన్ కిందే లెక్క కాదు.

ఎడమవైపు గుర్రం నిలుచున్నచోటే గిర్రున తిరిగింది. అమ్మాయి కంచెలో పడింది. నేను కంగారుగా దిగబోతుంటే ఆ పెద్దావిడ అరవలేదు, తిట్టలేదు. "ముందు ఇంజన్ ఆపండి" అంది, అంతే. అమ్మాయి లేచింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. కానీ కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ, "దాన్ని ఏమీ అనకండి, దాని తప్పు కాదు" అంటోంది. దాన్ని అంటే గుర్రాన్ని. ఫోన్ నంబరు రాసిచ్చాను. క్షమించమన్నాను. నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

మా ఆఫీసులో సర్వరు పడిపోతే మూలకారణం ఏమిటో కాగితం మీద పెట్టాలి. "హారన్ కొట్టాడు" అని రాస్తే ఒప్పుకోరు. ఎందుకు కొట్టాడు, కొడితే ఎందుకు అలా అయింది, అది ముందే ఎందుకు తెలియలేదు - ఇలా వెనక్కి వెళ్ళాలి. ఆ అలవాటుతోనే వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్తే 1131 దగ్గర తేలాను.

ఆ సంవత్సరం అక్టోబరులో పారిస్ వీధుల్లో ఫిలిప్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు స్నేహితులతో గుర్రం మీద వెళ్తున్నాడు. మామూలు కుర్రాడు కాదు. ఫ్రాన్సు రాజు ఆరో లూయీ పెద్దకొడుకు. తండ్రి బతికుండగానే, 1129లో, కిరీటం పెట్టించుకున్నవాడు. ఎక్కణ్ణించో ఒక పంది వచ్చి గుర్రం కాళ్ళకు అడ్డం పడింది. గుర్రం కూలింది, కుర్రాడు దాని కింద పడ్డాడు. మర్నాటికల్లా ప్రాణం పోయింది. చర్చికి అంకితం చెయ్యాలనుకున్న తమ్ముడు లూయీని హడావుడిగా తీసుకొచ్చి పన్నెండు రోజుల్లో కిరీటం పెట్టారు. ఈ ఏడో లూయీయే తర్వాత అక్వితేన్ వారసురాలు ఎలినోర్‌ను పెళ్ళాడి, 1152లో విడిపోయాడు. ఆమె వెంటనే ఇంగ్లండుకు కాబోయే రాజు హెన్రీని చేసుకుంది. ఫ్రాన్సు పడమటి భాగంలో పెద్ద ముక్క ఆమెతోపాటే అటు వెళ్ళిపోయింది. ఫ్రెంచి చరిత్రకారుడు మిషెల్ పాస్తూరో ఈ పంది మీదే ఒక పుస్తకం రాశాడు.

పాపం ఆ పంది. ఆ రోజుల్లో పట్నాల్లో చెత్త తినేవి అవే. అది ఉండాల్సిన చోటే ఉంది. కానీ చరిత్రలో దానికి మిగిలిన పేరు హంతకి.

1286 మార్చి, స్కాట్లండు. రాజు మూడో అలెగ్జాండరు ఎడింబరో కోటలో విందు ముగించుకుని, సముద్రపాయకు అవతల కింగ్‌హార్న్‌లో ఉన్న కొత్త రాణి దగ్గరికి ఆ రాత్రే బయల్దేరాడు. బయట తుపాను. వద్దన్నారు. రేవు దాటించే పడవవాడు కూడా వద్దన్నాడని లానర్‌కాస్ట్ మఠం పేరుమీద ఉన్న పాత చరిత్రలో ఉంది. వినలేదు. అవతలి ఒడ్డున చీకట్లో వెంటవాళ్ళ నుంచి విడిపోయాడు. తెల్లారి చూస్తే గట్టు కింద సముద్రపు ఒడ్డున మెడ విరిగి పడున్నాడు. కొడుకులంతా అప్పటికే పోయారు. మిగిలిన ఒకే వారసురాలు, నార్వేలో ఉన్న చిన్నారి మనవరాలు, 1290లో స్కాట్లండుకు వచ్చే దారిలోనే కన్నుమూసింది. సింహాసనం ఎవరిదన్న తగాదాలో ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ వేలుపెట్టాడు. ఆ తర్వాతి యుద్ధాలు సినిమాల ద్వారా మనక్కూడా తెలిసినవే.

1702 ఫిబ్రవరి, లండన్ దగ్గర. రాజు మూడో విలియం గుర్రం నేల కుంగిన చోట తడబడింది. మోల్ అనే జంతువు తవ్విన మట్టికుప్ప అది. మన పందికొక్కులాగా నేల కింద సొరంగాలు చేస్తుంది. రాజుకు భుజం దగ్గర ఎముక విరిగింది. మంచాన పడ్డాక ఊపిరితిత్తులకు జబ్బు చేసి మార్చి 8న పోయాడు. ఆయనంటే గిట్టని జాకొబైట్లు చాలాకాలం పాటు "నల్ల ముఖమల్ కోటు వేసుకున్న చిన్న పెద్దమనిషి" పేరు చెప్పుకుని, అంటే ఆ మోల్ పేరు చెప్పుకుని, గ్లాసులెత్తేవారు.

ఇక 1850 జూన్ 29. మాజీ ప్రధాని రాబర్ట్ పీల్, లండన్‌కు 1829లో పోలీసు వ్యవస్థ ఏర్పాటు చేసినాయన, రాణిగారి భవనం పక్క రోడ్డులోనే గుర్రం మీంచి పడ్డాడు. అది ఈమధ్యనే కొన్న గుర్రం. గుర్రం కూడా తడబడి ఆయన మీదే పడింది. మూడు రోజులు నరకం అనుభవించి జులై 2న పోయాడు.

వేటలో, చౌగాన్ ఆటలో పడిపోయినవాళ్ళను నేను లెక్కలోకి తీసుకోలేదు. లేకపోతే 1210లో లాహోర్‌లో పోయిన కుతుబుద్దీన్ ఐబక్ దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ వేగమే ఆట. నేను ఏరుకున్నవాళ్ళు మామూలుగా దారిన పోతూ పడినవాళ్ళు.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే రోడ్డు మీద గుర్రానికి ఎదురయ్యే ప్రమాదాల పట్టికంతా ఇందులోనే ఉంది. హఠాత్తుగా అడ్డొచ్చే జంతువు. చీకటి, వాన, తెలియని దారి. కాలికింద నమ్మలేని నేల. ఇంకా మచ్చిక కాని గుర్రం. ఈ రోజు గుర్రపుస్వారీ నేర్పేవాళ్ళు చెప్పే జాగ్రత్తలు కూడా దాదాపు ఇవే. పందికి బదులు కుక్క, మోల్ తవ్విన కన్నానికి బదులు నున్నటి తారు. ఇనుప నాడాకు నునుపు రోడ్డంటే గండం. అందుకే మంచు కురిసే దేశాల్లో నాడాలకు మొనదేలిన మేకులు దిగ్గొట్టేవారు.

మనకొక సామెత ఉంది: రౌతు కొద్దీ గుర్రం. తప్పంతా రౌతుది. ఈ చరిత్రల్లో అందుకు వ్యతిరేకం, తప్పంతా పందిది, మోల్‌ది, తుపానుది. రెంటిలోనూ ఒకడు తప్పించుకున్నాడు. దారిలో ఎదురయ్యే మూడోవాడు. నాలాంటివాడు.

మూడోవాడు చట్టంలోకి ఎక్కింది పందొమ్మిదో శతాబ్దంలో, ఆవిరి యంత్రాలు రోడ్డెక్కాక. 1865లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం అలాంటి బండికి వేగం ఊరి బయట గంటకు 4 మైళ్ళు, ఊళ్ళో 2 మైళ్ళు మించకూడదు. నడిపేందుకు కనీసం ముగ్గురు ఉండాలి. ఒకడు ఎర్రజెండా పట్టుకుని బండికి కనీసం 60 గజాల ముందు నడవాలి. ఇంజినీరింగ్ కాలేజీలో ఈ కథ ఒక జోకులా విన్నాను. కొత్త టెక్నాలజీ అంటే పాతవాళ్ళకు ఎంత భయమో చూడండి అంటూ. అందరం నవ్వాం. ఆ జెండావాడి పని ఏమిటో ఎవరూ చెప్పలేదు. గుర్రాలు వస్తుంటే వాటిమీద ఉన్నవాళ్ళను హెచ్చరించడం, అవసరమైతే బండిని ఆపమని సైగ చెయ్యడం. 1878లో జెండా తప్పనిసరి కాకుండా పోయింది. 1896లో తేలికపాటి మోటారు బండ్లకు ముందు మనిషి నడిచే నిబంధనే పోయి, వేగం 14 మైళ్ళకు పెరిగింది. ఆ నవంబరులో మోటారు యజమానులు లండన్ నుంచి బ్రైటన్‌దాకా ఊరేగింపుగా వెళ్ళి పండగ చేసుకున్నారు. గుర్రాల తరఫున ఎవరు బాధపడ్డారో నా పుస్తకాల్లో లేదు.

గుర్రం ఎందుకు బెదురుతుంది? పల్లెల్లో బెదురుగొడ్డు అని ఒక మాట ఉంది. గుర్రం జాతంతా అంతే. పులులూ తోడేళ్ళూ ఉన్నచోట బతికిన మేతజంతువు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ ఇంచుమించు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనిపించనిది ముక్కు ముందు కాస్త, తోక వెనక కాస్త. మనం ఆలోచించి పారిపోతాం. అది పారిపోయి ఆలోచిస్తుంది. మా తాతయ్య తెనాలి స్టేషన్ నుంచి ఇంటికి జట్కాలో వచ్చేవాడట. జట్కా గుర్రానికి కళ్ళ పక్కన తోలుముక్కలు ఎందుకు కడతారని చిన్నప్పుడు అడిగితే, "పక్కచూపులు చూడకుండారా" అన్నాడు. బండి చక్రం వెనకే తిరుగుతూ తరుముతున్నట్టు కనిపిస్తే అది నిలవదు. స్వారీ గుర్రానికి మామూలుగా ఆ తోలుముక్కలు ఉండవు. అన్నీ కనిపిస్తాయి, కంచెలో ఇరుక్కుని రెపరెపలాడే ప్లాస్టిక్ సంచీతో సహా. సరిగ్గా వెనకున్న నా కారు తప్ప. కనిపించనిచోటి నుంచి ఒక అరుపు వినిపించింది. దాని ప్రకారం అది చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పనే.

ఇంకొక వస్తువు గురించి చెప్పాలి. రికాబు. చెన్నైలో థామస్ మన్రో విగ్రహం చూసినవాళ్ళకు తెలుసు, ఆయన గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు, అంటే ఇప్పటి మన రాయలసీమకు, కలెక్టరుగా ఊరూరా గుడారాల్లో తిరిగిన మనిషి, చివరికి 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయినాయన. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ రికాబులు మర్చిపోయాడనీ, తప్పు తెలిసి ఆత్మహత్య చేసుకున్నాడనీ మద్రాసులో ఒక కథ. కథే. లండన్‌లో ఆయన చేసిన నాలుగో జార్జి విగ్రహానికీ అవి లేవు. అది పాత రోమన్ విగ్రహాల పద్ధతి.

కానీ ఆ విగ్రహం ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తోంది. రికాబు రౌతును నిలబెడుతుంది. పడినప్పుడు పాదం అందులో ఇరుక్కుంటే అదే ఈడ్చి చంపుతుంది. అందుకే స్వారీ బూట్లకు మడమ ఉంటుంది, పాదం లోపలికి దూరిపోకుండా. ఆ అమ్మాయి పాదాలు రెండూ జారి బయటికొచ్చాయి. ఒక్కటి రాకపోయుంటే అన్న ఆలోచన దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను.

తర్వాత బ్రిటిష్ హైవే కోడ్ తెరిచి, గుర్రాల గురించిన భాగం చదివాను. లైసెన్సు పరీక్షకు ముందు చదివిందే, అంటే కళ్ళతో చదివిందే. హారన్ కొట్టకూడదు, ఇంజన్ రేజ్ చెయ్యకూడదు అని ఉంది. 2022 జనవరి నుంచి ఇంకా స్పష్టంగా చెప్పారు. గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 10 మైళ్ళు మించకూడదు, కనీసం 2 మీటర్లు ఎడం ఉండాలి. అక్కడే ఇంకో వాక్యం. కొత్త రౌతునో, అలవాటు లేని గుర్రాన్నో తీసుకెళ్తున్నప్పుడు ఇద్దరు పక్కపక్కన నడుస్తారని.

అదీ నేను వెతుకుతున్న మూలకారణం. ఆ పెద్దావిడ దారి ఆక్రమించలేదు. తన గుర్రాన్నీ, తననూ నా కారుకీ ఆ పిల్లకీ మధ్య అడ్డం పెట్టింది. 1865లో జెండావాడు చేసిన పనే, జెండా లేకుండా చేస్తోంది. నేను ఆ గోడ మీంచి హారన్ విసిరాను.

ఇప్పుడు ఆ దారుల్లో గుర్రం కనిపిస్తే దూరంగానే ఆగి, ఇంజన్ ఆపేస్తాను. దాదాపు ప్రతివాళ్ళూ చెయ్యెత్తి థాంక్స్ చెబుతారు. నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది. వాళ్ళలో కుడిచేతి మణికట్టుకు పట్టీ ఉన్న పిల్ల ఎవరైనా ఉందేమోనని చూస్తాను. పట్టీ ఎప్పుడో విప్పేసి ఉంటారని తెలుసు. అయినా చూస్తాను.